మాట ఆలస్యమైతే పోయినట్టే

ఇంటర్నెట్ ఫోనులో మాట తెగితే చాలామంది మరింత వేగమైన కనెక్షన్ కోసం చూస్తారు. కానీ మాటకు కావలసిన వేగం చాలా తక్కువ. టెలిఫోన్ రంగంలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న జి.711 పద్ధతి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. మొత్తం సెకనుకు 64 కిలోబిట్లు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే పద్ధతి అందులో సగం కూడా వాడకుండా ఇంకా స్పష్టంగా వినిపించగలదు. వంద మెగాబిట్ల కనెక్షన్‌లోనూ మాట తెగుతోందంటే సాధారణంగా లోపం వేగంలో ఉండదు, సమయపాలనలో ఉంటుంది.

గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక ప్యాకెట్‌లో పంపుతారు. అన్నీ సమానమైన ఎడంతో బయల్దేరినా దారిలో కొన్ని వెనకబడతాయి. ఈ హెచ్చుతగ్గులే జిట్టర్. వినేవైపు పరికరం వచ్చిన ప్యాకెట్లను కాసేపు ఆపి, వరుసలో పెట్టి వినిపిస్తుంది. ఎక్కువసేపు ఆపితే తెగడం తగ్గుతుంది గానీ జవాబు ఆలస్యమై ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడతారు. తక్కువసేపు ఆపితే వెనకబడిన ప్యాకెట్‌ను పారేయక తప్పదు. మంచి సాఫ్ట్‌వేర్ ఈ వ్యవధిని పరిస్థితిని బట్టి మార్చుకుంటూ, తేడా చెవికి తెలియకుండా మౌనాలను సాగదీస్తుంది, కుదిస్తుంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపే పనితనం ఇదే.

సంభాషణ సహజంగా సాగాలంటే నోటి నుంచి అవతలి చెవికి 150 మిల్లీసెకన్లు మించకపోవడం మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచన. హైదరాబాద్ నుంచి డాలస్‌కు తిన్నని దారిలోనే సుమారు 14,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి 70 మిల్లీసెకన్లు అక్కడే ఖర్చవుతాయి. సముద్రగర్భ కేబుళ్ల చుట్టుదారి దీనికి అదనం. డాలస్‌లోని పిల్లలతో మాట్లాడే తల్లిదండ్రులకు మిగిలేది చాలా కొద్ది.

ఆ కొద్దిని కూడా చాలాసార్లు ఇంట్లోని రౌటరే తినేస్తుంది. ఎవరి ఫోను నుంచో ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతుంటే రౌటర్ మెమరీ నిండిపోయి, చిన్న మాట ప్యాకెట్ పెద్ద వరుస వెనక నిలబడుతుంది. బఫర్‌బ్లోట్ అనే ఈ సమస్యకు క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో కోడెల్ అనే విరుగుడు ప్రతిపాదించారు. వరుస పొడవుకు బదులు, అందులో ప్యాకెట్ ఎంతసేపు నిలిచిందో అది చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్ల పైనే కొనసాగితే కొన్ని ప్యాకెట్లను వదిలేస్తుంది. దాంతో పంపేవైపు వేగం తగ్గించుకుంటుంది. దీని తర్వాతి రూపమైన ఎఫ్‌క్యూ-కోడెల్ మాటను ఫొటోల వరుసలోంచి వేరు చేస్తుంది. కొత్త రౌటర్ కొనేవారు ప్రకటనల్లోని వేగం కన్నా ముందు ఈ సదుపాయం ఉందో లేదో చూడాలి.

కార్యాలయాల్లో మాట ప్యాకెట్లకు ప్రాధాన్య ముద్ర వేస్తారు. సొంత నెట్‌వర్క్‌లో అది బాగా పనిచేస్తుంది. గడప దాటాక దాన్ని ఇతరులు మన్నించాలన్న నియమం లేదు.

నాణ్యతను 1 నుంచి 5 వరకు మార్కులతో కొలుస్తారు. కాల్ మొత్తానికి వేసే సగటు మార్కును నేను పెద్దగా నమ్మను. నూటికి ఒక ప్యాకెట్ చెదురుమదురుగా పోతే సాఫ్ట్‌వేర్ ముందు ధ్వనిని బట్టి ఖాళీ పూరిస్తుంది. ఓపస్ అయితే తర్వాతి ప్యాకెట్‌లోనే పోయినదాని చిన్న నకలును మోసుకురాగలదు. అదే పది ప్యాకెట్లు వరసగా పోతే ఆ నకళ్లూ దాదాపు అన్నీ వాటితోపాటే పోతాయి. దాదాపు 200 మిల్లీసెకన్ల మాటను ఊహతో పూరించడం కష్టం. సగటు మార్కు ఈ తేడాను దాచేస్తుంది.