జన్యుమార్పిడి పంటలపై నియంత్రణ: పత్తి రైతుల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పత్తి రైతులకు సాగు సలహాలివ్వడం నా వృత్తి. ఏటా ముంగారుకు ముందు నాకు ఎదురయ్యే మాటల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: అధిక దిగుబడి విత్తనాలన్నీ జన్యుమార్పిడివే.

వాస్తవం: కావు. కదిరి లేపాక్షి వేరుశనగ సంప్రదాయ ప్రజననంతో వచ్చిన రకం. మన దేశంలో వాణిజ్యపరంగా సాగవుతున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే.

అపోహ: ‘బీజీ-3’ అనేది బీజీ-2 (పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువులు చేర్చిన బీటీ పత్తి విత్తనం) తరువాత వచ్చిన మెరుగైన విత్తనం.

వాస్తవం: ఊళ్లలో ఆ పేరుతో గుట్టుగా అమ్ముతున్నది గ్లైఫోసేట్ కలుపు మందు కొట్టినా చావని పత్తి, దాని సాగుకు మన దేశంలో అనుమతి లేదు. కూలీల కొరతతో కలుపు తీయించలేని రైతు దానివైపు మొగ్గడాన్ని నేను తప్పుపట్టలేను. అయితే బిల్లు గానీ, లాట్ నంబరు గానీ లేని ఆ విత్తనం మొలవకపోతే పరిహారం అడగడానికి ఆధారమే ఉండదు. పైగా ఆ మందు గాలికి పక్క చేనులోని కందిపై పడితే రైతుల మధ్య తగాదా తప్పదు.

అపోహ: బీటీ పత్తి వేస్తే పురుగు మందులతో పనిలేదు.

వాస్తవం: 2002 మార్చిలో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలిచే పురుగుల కోసం రూపొందినది, పచ్చదోమ, తామర పురుగుల వంటి రసం పీల్చే పురుగులపై అది పనిచేయదు. 2006లో రెండు జన్యువులతో వచ్చిన బీజీ-2ను సైతం గులాబీ రంగు పురుగు ఇప్పుడు తట్టుకుంటోంది. దీనికి కారణాల్లో మనం చేజేతులా చేసుకున్నదీ ఒకటి ఉంది. బీటీకి లొంగే పురుగులు కొన్ని మిగిలి, తట్టుకునే వాటితో జతకడితే నిరోధకత త్వరగా స్థిరపడదన్న ఉద్దేశంతో, 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాన్ని ఇచ్చి, దానిని చేను చుట్టూ విత్తాలన్నది అప్పట్లో అనుమతిలోని షరతు. చాలామంది ఆ చిన్న పొట్లాన్ని గట్టున పడేశారు. ఒకటి రెండు వరుసల దిగుబడి పోతుందని రైతులు వాదించినప్పుడు నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదని ఒప్పుకోవాలి. డిసెంబరు దాటినా పంటను చేలోనే ఉంచడం పురుగుకు మరింత కలిసివచ్చింది.

అపోహ: నియంత్రణ అంటే నిషేధమే.

వాస్తవం: 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో చేసిన నియమాల ప్రకారమే పత్తికి అనుమతి వచ్చింది, 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయను నిలిపివేసింది కేంద్రం. జన్యుమార్పిడి ఆవాలకు ఇచ్చిన అనుమతిపై నడిచిన కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చినా, జాతీయ విధానం రూపొందించాలన్న విషయంలో ఏకీభవించారు. అనుమతి ఇచ్చాక షరతులు అమలవుతున్నాయో లేదో చేలోకి దిగి చూడవలసింది ఎవరో ఆ విధానంలో స్పష్టంగా రాయకపోతే, ఆ 120 గ్రాముల పొట్లంలాగే కొత్త షరతులూ గట్టుమీదికే చేరతాయి.