రంగు లేని పులి

నెల్లూరులో మా మామయ్య నాణేలు పోగుచేస్తారు. పోయిన వారం గుడ్డ గ్లవుజులు తొడుక్కుని, డబ్బీలోంచి ఓ వెండి నాణెం తీసి చూపించారు. బరువు వెండి బంగారాలు తూచే ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు, వెయ్యిలో 999 పాళ్లు వెండి. దాని మీద గడ్డిలో పొంచిన పెద్దపులి, ఇవతల తలెత్తి నిలబడ్డ చుక్కల దుప్పి. "పనితనం బానే ఉండాది గానీ అబ్బయా, రంగు లేకపోతే అది పులెట్టా అవద్ది?" అన్నారు.

ఆ మాట ఇంటిదాకా నన్ను వదల్లేదు. మనం చూసే పులి సంగతేమో గానీ, దుప్పి చూసే పులికి ఆ వెండి బొమ్మే దగ్గర.

ఇలాంటివాటిని ప్రూఫ్ నాణేలంటారు. అచ్చులో ఖాళీ భాగాన్ని అద్దంలా మెరుగుపెడతారు, బొమ్మ వచ్చే చోట సన్నటి గరుకు తెప్పిస్తారు. కంటికి కనిపించే కాంతిలో దాదాపు 95 శాతాన్ని వెండి తిప్పికొడుతుంది. నున్నటి చోట ఆ కాంతి ఒకే దిక్కుకు పోతుంది, గరుకు చోట అన్ని వైపులా చెదురుతుంది. అందుకే నాణేన్ని కాస్త వంచితే చుట్టూ నల్లబడి పులి తెల్లగా తేలుతుంది. ఉన్నదల్లా వెలుగూ నీడా. (పూజ కుందుల్ని తోమినట్టు దీన్ని విభూతితో తోమితే ఆ అద్దమంతా గీతలు పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.)

మన కంట్లో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు. దుప్పికి రెండే. నీలం దానికి బాగానే తెలుస్తుంది, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా మాత్రం అందదు. మన కళ్లకు నిప్పులా కనిపించే పులి ఒళ్లు దాని కళ్లకు చుట్టూ ఉన్న ఆకుల్లో కలిసిపోతుంది. ఇక మిగిలేవి నల్ల చారలు. వెదురు పొదల కింద పడే నీడలూ అలాగే ఉంటాయి. మరి పులి ఆకుపచ్చగానే పుట్టొచ్చు కదా అనిపిస్తుంది. క్షీరదాల వెంట్రుకలకు రంగునిచ్చేది మెలనిన్. అందులో ఒక రకం నలుపు, గోధుమ రంగులనిస్తుంది. ఇంకో రకం ఎరుపు, పసుపు ఛాయలనిస్తుంది. వీటితో ఆకుపచ్చ తయారవదు. అయినా పులికి లోటేమీ రాలేదు, చూసే దుప్పికి నారింజా ఆకుపచ్చా ఒకటే గనక.

దోర్నాల దాటి శ్రీశైలం వైపు ఎక్కుతుంటే వచ్చేది నల్లమల. 1983 నుంచి అది పులుల రిజర్వు. ఇలాంటి అడవుల్లో కొండముచ్చులున్న చెట్టు కింద దుప్పులు మేయడం మామూలే. పైనుంచి అవి తుంచి పారేసే ఆకులూ కాయలూ దుప్పులకు మేత. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. కొండముచ్చుకు మనలాగే మూడు రకాల శంకు కణాలు! పులి నారింజ రంగు దానికి తెలుస్తుంది, పైగా చూసేది చెట్టు మీది నుంచి. అది ఖక్ ఖక్ మని అరవగానే కింద దుప్పులు తోకలెత్తి, మేత ఆపి నిలబడతాయి. ముక్కు విషయంలో మాత్రం దుప్పిదే పైచేయి. దుప్పి కూత విని కొండముచ్చులూ జాగ్రత్తపడతాయి. రెండు వేరు జాతులు చూపునూ వాసననూ ఇలా పంచుకోవడం నాకెప్పుడూ అబ్బురమే.

అందుకే మామయ్య నాణెంలో రంగు లేదన్న లోటు నాకు తోచలేదు. కొమ్మ మీద ఓ కొండముచ్చు ఉండాల్సింది.

పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను పడుతుంది, అంటే దాదాపు వారానికొకటి. అయితే అది వేసే దాడుల్లో ఎక్కువ భాగం తప్పిపోయేవే. దాని బలమంతా కనపడకుండా దగ్గరికి చేరడంలోనే ఉంది. కొమ్మ మీంచి అరుపు లేచిందంటే, చాలాసార్లు అది ఆ వేట వదిలేసి, దాపరికం మానుకుని, తన దారిన నడిచిపోతుంది.