నల్ల లెహంగా, పనసపొట్టు కూర

చిట్టితల్లీ,

"వీధి చివరింటి అక్క పెళ్ళికి నల్ల లెహంగా వేసుకుంటానంటే అమ్మ వద్దంటోంది, ఎందుకు తాతయ్యా?" అని నిన్న ఫోన్‌లో అడిగావు. అంత తొందరగా చెప్పే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడికీ, పక్క ఫ్లాట్ పిల్లలకూ కూడా చదివి వినిపించు.

పెళ్ళంటే అరిటాకులో భోజనం అనుకో. నడిమధ్యన తెల్లటి అన్నం, దాని మీద నెయ్యి. అదే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. చుట్టూ పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బూరె, ఓ మూలన ఆవకాయ. అవన్నీ పిలుపందుకుని వెళ్ళిన మనం. ఆవకాయ ఎంత ఎర్రగా నిగనిగలాడినా దాని చోట అది ఇంత ఉంటేనే రుచి. ఆకంతా అదే పాకితే నెయ్యి వాసన కూడా తెలియదు. అలాగని ఉత్త అన్నం వడ్డిస్తే విస్తరికి నిండుదనం ఉండదు. అందుకే రోజూ ఆడుకునే గౌనుతో కూడా వెళ్ళకూడదు. గుమ్మంలో పన్నీరు చల్లి రమ్మనేవాళ్ళకు, తమ ఇంటి వేడుక కోసం మనం ముస్తాబయ్యామని తెలియాలి. ఇక బూరె ఉంది చూశావూ, పైకి సాదాగా ఉంటుంది, కొరికితే పూర్ణం. నాకు అలాంటి బట్టలే ఇష్టం.

నీ వయసులో నేనూ ఓ లంక ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాను. వైశాఖ మాసం. పడవ దిగి ఇసుకలో చాలా దూరం నడవాలి. అమ్మ నేత చొక్కా తీసిపెడితే, అది వద్దని ఏడ్చి కొత్త టెర్లిన్ చొక్కా, బిగుతు ప్యాంటు వేసుకున్నాను. కొబ్బరాకుల పందిరి చేరేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నూలులా అది చెమట పీల్చదు కదా. బంతిలో చాప మీద మఠం వేసుకుందామంటే మోకాళ్ళు వంగలేదు. లేచిపోయి ఒక్కణ్ణే పక్కింటి అరుగు మీద కూర్చున్నాను. తలంబ్రాలు పోసుకుంటున్న నవ్వులు వినబడ్డాయి కానీ నేను చూడలేదు. ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు మనవలున్నారు. ఆ తలంబ్రాలు చూడలేదన్న బాధ మాత్రం నాకు ఇంకా ఉంది.

నువ్వు వేసుకునే బట్టల్లో కింద కూర్చుని తినగలగాలి, పందిరంతా పరిగెత్తగలగాలి. పసుపు కలిపిన తలంబ్రాలు మీద పడితే టెన్షన్ పడకు. ఆ మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండలో ఆరేస్తే మెల్లగా వెలిసిపోతుంది.

ఇక నలుపు. నీకది వట్టి రంగే. శుభకార్యంలో నలుపు కనబడితే మాత్రం ఇక్కడి పెద్దవాళ్ళ మనసు చివుక్కుమంటుంది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన రోజు వాళ్ళది. మన ముచ్చట కోసం వాళ్ళ మనసు కష్టపెట్టకూడదమ్మా. "మరి పెళ్ళికూతురి మెడలో నల్లపూసలో?" అంటావు. అడగాల్సిందే! బంగారం పక్కన ఆ చిన్న నల్లటి పూసలు ఎంత నిండుగా ఉంటాయో, చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. కట్టేటప్పుడు దగ్గరికి వెళ్ళి చూడు. పక్కనున్న ముత్తైదువులను అడుగు.

మధుపర్కాలు కూడా చూడు. ఖరీదైన పట్టుచీర పక్కన పెట్టి, తాళి కట్టే వేళకు పెళ్ళికూతురు కట్టుకునేది ఎర్ర అంచు తెల్లటి నూలు బట్ట. పెళ్ళిలోకెల్లా పెద్ద ఘడియకు అంత సాదా బట్ట! ఆ రోజుకి ఆ తెలుపూ ఎరుపూ ఆమెకే వదిలెయ్యి.

నానమ్మ బీరువాలో గోరింటాకు పచ్చ ఉప్పాడ జాందానీ చీర ఉంది. నూలుది, బరువుండదు. ఉప్పాడంటే మన కాకినాడ దగ్గరే, ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నువ్వు సరేనంటే దాంతో లంగా కుట్టిస్తానంటోంది. కత్తెర పడకముందే ఓసారి ఆ చీర కొంగు తిప్పి చూడు. మగ్గం మీద నేస్తూనే ఒక్కో పువ్వునూ చేత్తో దారం దారంగా ఎక్కిస్తారు. వెనకవైపూ అదే పువ్వు ఉంటుంది. ఏది మీదవైపో కనిపెట్టి నాకు చెప్పు.

మీ తాతయ్య