డాలస్ మనకి ఏ దిక్కున?

మా పిన్ని లెక్కలో డాలస్ పడమర. విజయవాడ భవానీపురంలో వాళ్ల డాబా మీద నిలబడి, పొద్దు కుంకే వైపు చెయ్యి చూపించి "మా వాడుండేది అటేగా" అంటుంది. గోడ మీద ప్రపంచపటంలో అమెరికా ఎడమ చివరన ఉంటుంది కాబట్టి ఆవిడ్ని అనడానికేమీ లేదు.

"కాదు పిన్నీ, ఉత్తరాన."

"ఉత్తరాన హిమాలయాలు కదరా!"

వాటి వెనకాలే. నమ్మలేదు. వంటింట్లోంచి ఒక బత్తాయి, పూలు కట్టే దారం తెప్పించాను. తొడిమ ఉత్తర ధ్రువం. గన్నవరం ఎయిర్‌పోర్టు 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే దాదాపు 178. అంటే కాయకి సరిగ్గా అటువైపు చెంప కావడానికి రెండు డిగ్రీలే తక్కువ. బాల్‌పెన్నుతో రెండు చుక్కలు పెట్టి, దారాన్ని పడమర పక్కగా చుట్టి బిగించి లాగితే, జారి జారి తొడిమ దగ్గరికి చేరింది. బిగిసిన దారం చూపించేదే అతి దగ్గర దారి. నేపాల్, టిబెట్, కజకిస్తాన్, సైబీరియా, ధ్రువం, ఆ తర్వాత కెనడాలో విన్నిపెగ్ మీదుగా కిందికి: 14,500 కిలోమీటర్లు. పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట పోతే 18,000 అవుతుంది.

అయితే ఈ దారిన విమానాలు నడవవు. గన్నవరం నుంచి డాలస్‌కి నేరుగా సర్వీసు లేదన్నది ఒక కారణం. టిబెట్ ఇంకో కారణం. లోపల గాలి ఒత్తిడి పడిపోతే విమానం గబగబా మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి, అక్కడ నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంది!

మా తమ్ముడు కారులో శంషాబాద్ వెళ్లి, దుబాయ్‌లో మారి వెళ్లాడు. గన్నవరం నుంచే లెక్కేసినా ఆ దారి 15,700 కిలోమీటర్లు. అంటే చుట్టు తిరిగింది 1,200, ఇక్కణ్ణించి ఢిల్లీకున్న దూరం కన్నా తక్కువే.

టైము దగ్గర పిన్ని మళ్లీ పట్టుకుంది. "తెల్లవారుజామున 4కి ఎక్కాడు, ఆ రోజే సాయంత్రం 4కి దిగాడు. పన్నెండు గంటలేగా?" వేసవిలో డాలస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక. అవి కలిపితే ఇరవై రెండున్నర. అందులో గాల్లో ఉన్నది ఇరవై, దుబాయ్‌లో కూర్చున్నది రెండున్నర. జెట్ విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుందంటాం గానీ, రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం కలిస్తే సగటు పడిపోతుంది. హైదరాబాద్-దుబాయ్ 2,550 కిలోమీటర్లకి నాలుగు గంటలు పట్టింది మరి.

గాలి సంగతి వేరు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ ఒక్కోసారి గంటకి 300 కిలోమీటర్లు దాటుతుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. డాలస్-దుబాయ్ తిరుగు ప్రయాణం గంటో గంటన్నరో తక్కువ పట్టేది అందుకే.

"సరే, మరి వాడికి మనం ఏ దిక్కున?"

దారం ఇంకా బత్తాయి మీదే ఉంది. డాలస్ చుక్క దగ్గర్నుంచి చూపించాను. ఉత్తరానే.

"ఇద్దరం ఉత్తరానికే తిరిగితే ఎదురుబొదురుగా ఎలా ఉంటాంరా?" అంటూ దారం విప్పేసి కాయ ఒలవడం మొదలుపెట్టింది.