నలుగురు కలిసి ఒక టాక్ ఇవ్వాలంటే: అపోహలు – వాస్తవాలు

ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద జరిగే సమావేశాల్లో టాక్ (ప్రసంగం) ఇస్తామంటూ కొన్నేళ్లుగా ప్రతిపాదనలు రాస్తున్నాను. వేరేవాళ్లు పంపినవి చదివి మార్కులు వేసే పనీ చేస్తున్నాను. ఒక ప్రాజెక్టులో కలిసి పనిచేసినవాళ్లు కలిసే వేదిక ఎక్కితే ఆ టాక్‌కి వచ్చే నిండుదనం నాకు చాలా ఇష్టం. అందుకే అలాంటి ప్రతిపాదనలు మొదటి వడపోతలోనే పోతుంటే బాధేస్తుంది. చాలాసార్లు లోపం విషయంలో ఉండదు. ఈ టాక్‌కి ఒకరు చాలరా, ఇంతమంది ఎందుకు అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు, అంతే.

అపోహ: పేర్లు ఎక్కువుంటే ఎంపికయ్యే అవకాశం ఎక్కువ.

వాస్తవం: కొన్ని సమావేశాల్లో మొదటి విడతలో పేర్లు దాచిపెట్టే చదివిస్తారు. పేర్లు కనిపించే చోట కూడా సమీక్షకులు ముందు లెక్క వేసేది సమయాన్నే. 25 నిమిషాల టాక్‌లో ప్రశ్నలకు 5 నిమిషాలు తీసేస్తే మిగిలేవి 20. నలుగురు పంచుకుంటే తలా 5. మైకు చేతులు మారడం, తర్వాతి మనిషి అందుకోవడం, ఇవన్నీ పోగా 4 నిమిషాలు దక్కితే గొప్ప. అందులో ఎవరి పరిచయం వాళ్లు చేసుకునేసరికి గంట కొట్టేస్తారు. నా అనుభవంలో 25 నిమిషాలకు ఇద్దరు, 45 నిమిషాలకు ముగ్గురు మించితే కుదరదు.

అంతకన్నా ముఖ్యం, ఒక్కొక్కరి దగ్గర మిగతావాళ్లు చెప్పలేనిది ఒకటి ఉండాలి. ఒక బగ్‌నే (సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్నే) తీసుకోండి. దాన్ని రిపోర్ట్ చేసిన వాడుకరి, సరిదిద్దిన డెవలపర్, ఆ ప్యాచ్‌ని, అంటే సవరణను, డిస్ట్రిబ్యూషన్‌లోకి (డెబియన్ లాంటి సాఫ్ట్‌వేర్ల సముదాయంలోకి) తెచ్చిన ప్యాకేజీ మెయింటైనర్. ముగ్గురూ చూసింది ఒకే బగ్, కానీ ఒకరి కష్టం ఇంకొకరికి తెలియదు. ఆ ముగ్గురినీ ఒకే గదిలో వినే అవకాశం రోజూ రాదు. అలాంటి ప్రతిపాదన చదివితే ఇంతమంది ఎందుకని ఎవరూ అడగరు.

అపోహ: ఎవరి భాగం వాళ్లు రాసి అతికిస్తే ప్రతిపాదన తయారు.

వాస్తవం: మొదటిసారి మేమూ ఇదే చేశాం. ఈథర్‌ప్యాడ్‌లో (అందరూ ఒకేసారి రాయగల ఆన్‌లైన్ పేజీలో) నలుగురం నాలుగు రంగుల్లో నాలుగు పేరాలు రాశాం. చివరి తేదీ రాత్రి టెన్షన్‌లో ఎవరూ మొత్తం చదవకుండానే పంపేశాం. ఇందులో నాలుగు టాకులు ఉన్నాయి, మీరు ఇవ్వాలనుకుంటున్నది ఏది అని సమీక్షకులు రాశారు. వాళ్లు చెప్పింది నిజమే.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. ముందు అందరం కూర్చుని గంటసేపు మాట్లాడుకుంటాం. విన్నవాళ్లు ఏం తెలుసుకుని బయటికి వెళ్లాలో ఒక్క వాక్యంలో తేల్చుకుంటాం. ఆ వాక్యం కుదిరేదాకా ఫారం తెరవం. కుదిరాక ఒక్కరే మొత్తం రాస్తారు, మిగతావాళ్లు కొట్టివేతలు సూచిస్తారు. కొత్త పేరాలు చేర్చడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు.

ఇంకో సంగతి. బ్రసెల్స్‌లో ఏటా జరిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమావేశం ఫాస్‌డెమ్ 2024 నుంచి వాడుతున్న ప్రీటాక్స్ లాంటి, ప్రతిపాదనలు స్వీకరించే వ్యవస్థల్లో అందరికీ కనిపించే సారాంశం వేరు, నిర్వాహకులకు మాత్రమే కనిపించే నోట్స్ వేరు. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడతారు, ఎవరైనా రాలేకపోతే ఆ భాగం ఎవరు చెబుతారు, వాళ్లంతా ఇంతకుముందు కలిసి టాక్ ఇచ్చారా అన్నవి నోట్స్‌లో రాయాలి. ఆ పెట్టెను చాలామంది ఖాళీగా వదిలేస్తారు. గుంపుగా వచ్చేవాళ్ల మీద సమీక్షకులకు నమ్మకం కుదిరేది అక్కడే.

అపోహ: ప్యానెల్ చర్చకైతే తయారీ అక్కర్లేదు.

వాస్తవం: దానికే ఎక్కువ కావాలి. చర్చ నడిపే మనిషి తన వాదన పక్కనపెట్టాలి. అడగబోయే మూడు నాలుగు ప్రశ్నలు ప్రతిపాదనలోనే ఉండాలి. పాల్గొనేవాళ్ల మధ్య నిజమైన భిన్నాభిప్రాయం ఉండాలి. అందరూ ఒకే మాట మీదుంటే ఒకరు టాక్ ఇస్తే సరిపోతుంది. వచ్చినవాళ్లంతా మాట్లాడాలన్నదే మీ ఉద్దేశమైతే డెబియన్ ప్రాజెక్టువాళ్ల సమావేశం డెబ్‌కాన్ఫ్‌లో ఉండే ‘బాఫ్’ లాంటి కూర్పు అడగండి. అక్కడ ఆసక్తి ఉన్నవాళ్లందరూ చర్చలో భాగమే.

అపోహ: కోడ్ రాసేవాళ్లే వేదిక ఎక్కాలి.

వాస్తవం: కాదు. అనువాదకులు, డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు, బగ్‌లు జల్లెడ పట్టేవాళ్లు చెప్పే సంగతులు డెవలపర్లకే ఎక్కువ అవసరం.

అపోహ: ముందు పేరు పెట్టేద్దాం, ఎంపికయ్యాక అడుగుదాం.

వాస్తవం: దయచేసి ఇది చేయకండి. ఇలాంటి సమావేశాల్లో చాలావరకు టాక్‌ని వీడియో తీసి అందరికీ అందుబాటులో పెడతారు. ఫాస్‌డెమ్ అయితే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేస్తుంది. ముఖం, గొంతు ఎప్పటికీ బయట ఉండటానికి మనిషి ముందే ఒప్పుకోవాలి. ప్రయాణ ఖర్చుల సంగతీ అంతే. సాయం ఒక్కరికే దొరికితే ఎవరు వెళ్లాలి? ఈ మాట ముందు మాట్లాడుకోకపోతే తర్వాత స్నేహాలు దెబ్బతింటాయి.

అపోహ: తిరస్కరించారంటే విషయంలో పస లేదు.

వాస్తవం: ఫాస్‌డెమ్‌లో డెవ్‌రూమ్‌లను (ఒక్కో అంశానికి కేటాయించిన గదులను) ఆయా సమూహాలే నడుపుతాయి, ప్రతిపాదనలు కూడా విడివిడిగా పిలుస్తాయి. ఒక గది నాలుగు గంటలు దొరికిందనుకోండి. అరగంటకు ఒకటి చొప్పున 8 టాకులే పడతాయి. తొమ్మిదోది ఎంత బాగున్నా బయటే. అదే బగ్ కథను ప్యాకేజింగ్ వైపు నుంచి తిరగరాస్తే ఇంకో గదికి సరిపోవచ్చు. రెండు చోట్లకు పంపితే ఆ సంగతి ఇద్దరికీ చెప్పండి.

మా నాలుగు రంగుల ప్రతిపాదన మరుసటి ఏడాది మళ్లీ వెళ్లింది, ఈసారి ఇద్దరి పేర్లతో. ఎంపికైంది. మిగతా ఇద్దరూ స్లైడ్లు సరిచూశారు, రెండుసార్లు రిహార్సల్ విని గడియారం పట్టుకున్నారు. టాక్ రోజున ముందు వరుసలో కూర్చున్నారు. కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడు మైకు వాళ్లకే ఇచ్చాం.