షటిల్‌ను వదిలేసి కాళ్లను చూడండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ బ్యాడ్మింటన్ హాల్‌కి పొద్దున్నే వెళ్లినా చాలా కోర్టుల్లో తెలుగే వినిపిస్తుంది. ‘సర్వీస్ నీదే అన్నా’, ‘బావా, అది లైన్ మీదే పడింది, ఒట్టు’ అంటూ. తర్వాతి స్లాట్ కోసం బెంచీ మీద కూర్చునేవాళ్లు ఈసారి ఓ పని చేసి చూడొచ్చు. సింగిల్స్ నడుస్తున్న కోర్టును ఎంచుకుని, షటిల్‌ను పట్టించుకోకుండా రెండు జతల కాళ్లనే చూడాలి. ఒకరు రాకెట్ ఊపే వేళకి అవతలివారు కొద్దిగా ఎగిరి, పాదాలు ఎడంగా పెట్టి దిగుతారు. వాళ్లు కొట్టబోయేసరికి ఇవతలివారిదీ అదే పని. ఒకరు బేస్‌కి, అంటే కోర్టు మధ్యకి, తిరిగొస్తుంటే ఇంకొకరు మూలకి పోతుంటారు. ర్యాలీ కాస్త సాగితే చాలు, ఒకరినొకరు ఓడించడానికే దిగిన ఇద్దరి అడుగులు ఒకే లెక్కలో పడతాయి.

ఆ చిన్న ఎగురుడును కోచ్‌లు స్ప్లిట్ స్టెప్ అంటారు. టైమ్ చాలకపోవడం వల్లే దాని అవసరం వచ్చింది. ఏదైనా కంటపడ్డాక ఒళ్లు కదలడం మొదలవ్వడానికే సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్‌ను 2023లో జపాన్‌లో కొలిస్తే గంటకు 565 కిలోమీటర్ల వేగం వచ్చింది. ఈకల వల్ల షటిల్ గాలిలో త్వరగానే నెమ్మదిస్తుంది. అయినా అలాంటి దెబ్బను తీయాలంటే షటిల్ బయల్దేరాక చూస్తే సరిపోదు. అందుకే మంచి ఆటగాళ్లు షటిల్ కన్నా ముందు మనిషిని చదువుతారు. 1987లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రూస్ అబెర్నెతీ బృందం బ్యాడ్మింటన్ షాట్ల ఫిల్మును మధ్యలో ఆపేసి, షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమంది. కొత్తవాళ్లు రాకెట్ కదలిక మీదే ఆధారపడ్డారు. ఆరితేరినవాళ్లకు అంతకన్నా ముందే, రాకెట్ పట్టిన చేతిలోనే సంగతి తెలిసిపోయింది.

ముడి పడేది ఇక్కడే. నేను నిన్ను చూసి కదులుతాను, నువ్వు నన్ను చూసి కదులుతావు. ఇద్దరి మధ్యా సమాచారం అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ రెండు శరీరాలు వేరువేరుగా ఉండలేవు.

ఇలాంటి ముడి మనుషులకే పరిమితం కాదు. 1665లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ జబ్బుపడి మంచంలో ఉండగా, ఒకే దూలానికి వేలాడుతున్న రెండు గడియారాల లోలకాలు కచ్చితంగా ఎదురెదురు దిక్కుల్లో ఊగుతున్నాయని గమనించాడు. చెదరగొట్టినా అరగంటలో మళ్లీ అదే లయకు వచ్చేవి. దూలంలోని సన్నటి కదలికే వాటిని కలిపింది.

ఆటలో ఆ దూలం పని చూపు చేస్తుంది. దీన్ని తేల్చిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. దానికి ముందు 1980ల్లో స్కాట్ కెల్సో అనే శాస్త్రవేత్త ఒక విషయం చూపించాడు. రెండు చూపుడువేళ్లనూ ఒకటి లోపలికి, ఒకటి బయటికి వచ్చేలా మార్చిమార్చి ఊపుతూ వేగం పెంచండి. ఒక దశలో మన ప్రమేయం లేకుండానే రెండూ కలిసి లోపలికి, కలిసి బయటికి ఊగడం మొదలెడతాయి. వేళ్లు రెండూ ఒకే మనిషివి కాబట్టి ఇందులో వింతేముంది అనుకోవచ్చు. 1990లో రిచర్డ్ ష్మిట్, ఆయన సహచరులు ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి, ఒకరి కాలు ఒకరు చూస్తూ ఎదురు లయలో ఊపమన్నారు. వేగం పెరిగేసరికి ఆ ఇద్దరి కాళ్లూ ఒకే లయకు జారిపోయాయి. మధ్యలో నరం లేదు, తాడు లేదు. చూపు ఒక్కటే ఉంది.

గెలవాలన్న పట్టుదల ఈ ముడిని తెంచేస్తుందా? ఇంగ్లండ్‌లో రాయి-కాగితం-కత్తెర ఆటతో దీన్ని పరీక్షించారు. ఇద్దరి కళ్లకూ గంతలు కడితే డ్రాలు మూడింట ఒక వంతు దగ్గర వచ్చాయి, అది అదృష్టం లెక్క. ఒకరి గంతలు విప్పితే డ్రాలు పెరిగాయి. గెలిస్తే డబ్బు వస్తుందని తెలిసినా, కళ్లున్న చెయ్యి ఎదుటి చేతిని అనుకరించింది. ఇరుకు ఫుట్‌పాత్ మీద ఎదురొచ్చిన మనిషికి దారి ఇవ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకు జరగడం లాంటిదే ఇది.

2009 బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ వంద మీటర్ల 9.58 సెకన్ల రికార్డు పరుగును పరిశీలించిన ఇద్దరు పరిశోధకులు, బోల్ట్ అడుగులూ పక్క లేన్‌లోని టైసన్ గే అడుగులూ అక్కడక్కడా కలిసిపోయాయని 2015లో రాశారు. ఎత్తులో, అంగల్లో ఇద్దరికీ చాలా తేడా ఉంది. ఆ కలయికే రికార్డుకు సాయపడిందని ఒక్క పరుగును పట్టుకుని చెప్పడం మాత్రం నాకు మింగుడుపడదు.

కోర్టు ఆటల్లో లయ ఏ రూపంలో ఉంటుందో ఆటే నిర్ణయిస్తుంది. టెన్నిస్‌లో బంతి ఐమూలగా తిరుగుతుంటే ఇద్దరూ కోర్టులో చెరో పక్కకు పోతారు, తిన్నగా తిరుగుతుంటే ఒకే పక్కకు. ఇలా రెండు రకాల లయలూ కనిపిస్తాయని 2005లో ఫ్రాన్స్‌లో లెక్కగట్టారు. స్క్వాష్‌లో కోర్టు మధ్య గీతలు కలిసే చోటైన ‘టీ’ ఒక్కటే. ఒకరు దాన్ని వదిలితే ఇంకొకరు ఆక్రమిస్తారు.

2017 ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహారా రెండో గేమ్‌ను 73 షాట్ల ర్యాలీతో ముగించారు. అన్ని షాట్లు సాగిందంటే ఎవరూ ముడిని తెంచలేకపోయారన్నమాట. తెంచడమంటే దూరంగా కొట్టడం అనుకుంటారు చాలామంది. ఎదుటివారి ఎగురుడును వేళ తప్పించడం అంతకన్నా పెద్ద దెబ్బ. రాకెట్ ఎత్తి ఒక్క క్షణం ఆపితే, అవతలి మనిషి అప్పటికే ఎగిరి దిగేసి ఉంటాడు, కాళ్లలో ఊపు ఉండదు. 1980 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో బెంగళూరు ప్రకాశ్ పదుకోన్, స్మాష్‌కి పేరుపడ్డ ఇండోనేషియా ఆటగాడు లీమ్ స్వీ కింగ్‌ను 15-3, 15-10తో ఓడించింది ఎక్కువ బలంతో కాదు. ఆట వేగాన్ని చంపి, కింగ్‌కు అలవాటైన ఊపు రానివ్వలేదు. కానీ లయ ఏర్పడకుండా దాన్ని చెడగొట్టడం కుదరదు. ‘ఎదుటోడిని పట్టించుకోకు, నీ ఆట నువ్వు ఆడు’ అనే సలహా నాకు సగమే నిజం అనిపిస్తుంది.

అకాడమీల్లో మల్టీ షటిల్ ప్రాక్టీస్ కాళ్లకు మంచిదే. కాకపోతే వరసగా షటిల్స్ విసిరే మనిషి మీ ఒంటిని చదవడు, కాబట్టి ముడీ పడదు, విప్పడమూ రాదు. రోజూ అదే నలుగురితో ఆడేవాళ్లకు పడే ముడి ఆ నలుగురిదే. ఆదివారం టోర్నమెంట్‌లో, బొజ్జ ఉన్న పక్క అపార్ట్‌మెంట్ అంకుల్ నింపాదిగా ఎత్తుగా వేసే టాస్‌లకు మొదటి గేమ్ పోయేది అందుకేనని నా అనుమానం.