సంతకం పెట్టే ముందు: బడి ఒప్పందాలు, చదువు ప్రమాణాలపై అపోహలు - వాస్తవాలు

పిల్లలను బడిలో చేర్చే రోజు తల్లిదండ్రుల చేతికి ఒక కాగితాల కట్ట వస్తుంది. చదువు ప్రమాణాల గురించి, బడి ఏమి ఆశిస్తుందన్న దాని గురించి రాసిన పత్రం అందులో ఎక్కడో మధ్యన ఉంటుంది. చాలామంది నేరుగా చివరి పేజీ తిప్పి, చుక్కల గీత మీద సంతకం చేసి ఇచ్చేస్తారు. నేను చాలా ఏళ్లు తరగతిలో పాఠాలు చెప్పాను. తర్వాత ఇలాంటి పత్రాలు రాసే బృందాల్లోనూ పనిచేశాను. చదవకుండా పెట్టిన సంతకం ఏడాది మధ్యలో ఎంత మనస్తాపం తెస్తుందో రెండు వైపుల నుంచీ చూశాను. నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: సంతకం పెట్టామంటే అది కోర్టు కాగితమే. ఒక్క షరతు తప్పినా పిల్లలను తీసేస్తారు.

వాస్తవం: మనం సంతకం చేసేవి సాధారణంగా రెండు రకాల కాగితాలు. ఫీజులు, వాయిదాలు, మధ్యలో మానేస్తే తిరిగి ఇచ్చే సొమ్ము గురించి రాసినది మొదటిది. దానికి చట్టపరమైన బలం ఉండవచ్చు కాబట్టి ప్రతి వాక్యం చదవాలి. చదువు, హాజరు, ఇంటిపని, ప్రవర్తన విషయంలో బడి, ఇల్లు, విద్యార్థి కలిసి ఒప్పుకునేది రెండోది. ఇది చాలాచోట్ల పరస్పర అవగాహన పత్రమే. ఉదాహరణకు, ఇంగ్లండ్‌లో 1998 నాటి చట్టం ప్రభుత్వ నిధులతో నడిచే బడులు ఇలాంటి ఒప్పందం రాసుకోవాలని చెప్పింది. ఆ మాట తప్పినందుకు ఎవరి మీదా దావా వేయడానికి వీల్లేదనీ, సంతకం చేయలేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదనీ అదే చట్టం చెప్పింది. 2016లో ఆ తప్పనిసరి నిబంధనను కూడా ఎత్తేశారు. చట్టం ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, మీ చేతిలో ఉన్నది ఈ రెండింటిలో ఏదో ముందు అడిగి తెలుసుకోండి.

అపోహ: ఈ పత్రం పిల్లల బాధ్యతల జాబితా. బడి ఎలాగూ తన పని తాను చేస్తుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. మూడు రంగుల పెన్నులు తీసుకోండి. ప్రతి వాక్యంలో పని చేయాల్సింది ఎవరో చూడండి. విద్యార్థి అయితే ఒక రంగు, తల్లిదండ్రులైతే ఇంకొక రంగు, బడి అయితే మూడోది. నేను పాలుపంచుకున్న ఒక పత్రం తొలి ప్రతిని మేమే ఇలా గీసి చూసుకున్నాం. ‘విద్యార్థి సమయానికి రావాలి’, ‘తల్లిదండ్రులు డైరీ చూడాలి’ వంటివి పేజీన్నర ఉన్నాయి. బడి కర్తగా ఉన్న వాక్యాలు రెండే. అందులో ఒకటి ‘నిబంధనలను ఎప్పుడైనా మార్చే హక్కు పాఠశాలకు ఉంది’. ఆ కాగితం చూసి గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేకపోయాం.

అమెరికాలో పేద కుటుంబాల పిల్లల కోసం ఇచ్చే ప్రత్యేక నిధులు తీసుకునే బడులు తల్లిదండ్రులతో కలిసి ఒప్పందం తయారుచేయాలని చట్టమే చెబుతుంది. నాణ్యమైన పాఠ్యప్రణాళిక, బోధన అందించే బాధ్యత బడిదని అందులో ఉండాలి. ప్రాథమిక తరగతుల్లో ఏడాదికి ఒక్కసారైనా ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో కూర్చుని, ఆ ఒప్పందాన్ని వాళ్ల బిడ్డ ప్రగతితో కలిపి మాట్లాడాలి. పిల్లల ప్రగతి గురించి తరచూ తెలియజేయాలి. తల్లిదండ్రులు ఉపాధ్యాయులను కలవడానికి వీలు కల్పించాలి. మీ పత్రంలో ఇలాంటి వాక్యాలు లేకపోతే అడగండి. దిద్దిన పరీక్ష పేపరు ఎన్ని రోజుల్లో ఇంటికి వస్తుంది? పిల్లలు వెనకబడితే మాకు ఎప్పుడు, ఎవరు చెబుతారు? చెప్పాక బడి ఏమి చేస్తుంది? ఇవి అడిగినందుకు మిమ్మల్ని గొడవ చేసేవాళ్లుగా చూసే బడి గురించి మీకు ఆ రోజే ఒక విషయం తెలిసినట్టు.

అపోహ: ప్రమాణాలు ఎక్కువంటే ఇంటిపని ఎక్కువ, పరీక్ష కఠినం, తప్పేవాళ్లు ఎక్కువ.

వాస్తవం: ప్రమాణం అంటే ఏడాది చివరికి పిల్లలు ఏమి చేయగలగాలి అన్నది. ఎంత బరువు మోయాలి అన్నది కాదు. హ్యారిస్ కూపర్ అనే అమెరికా పరిశోధకుడు ఇంటిపని మీద జరిగిన పరిశోధనలను ఏళ్ల తరబడి క్రోడీకరించారు. పై తరగతుల్లో ఇంటిపనికీ ఫలితాలకూ మధ్య స్పష్టమైన సంబంధం కనిపించింది గానీ, ప్రాథమిక తరగతుల్లో అది చాలా బలహీనంగా ఉంది.

ఒక పేరా దగ్గర ఆగుదాం. పదేళ్ల పిల్ల ఇలా రాసింది: ‘నాకు కుక్కలంటే ఇష్టం. ఎందుకంటే కుక్క మంచి జంతువు. అందుకే నాకు ఇష్టం.’ బడి విధానంలో ‘విద్యార్థి చక్కగా రాయగలగాలి’ అని మాత్రమే ఉంటే, ఉపాధ్యాయురాలు ‘ఇంకా బాగా రాయాలి’ అని ఎర్ర సిరాతో రాసి పుస్తకం మూసేస్తుంది. పిల్లకు ఏమీ తెలియదు. మరుసటి సారి ఇంకా పెద్దగా, ఇంకా గుండ్రంగా అక్షరాలు రాస్తుంది. విధానంలో ‘ఒక అభిప్రాయం చెప్పి, దానికి రెండు వేర్వేరు కారణాలు చూపగలగాలి’ అని ఉంటే మాట మారుతుంది. ‘మంచి జంతువు అన్నావు. అది ఏమి చేసినప్పుడు నీకు అలా అనిపించింది?’ అని అడగవచ్చు. అప్పుడు ఆ పిల్ల, ‘రాత్రి కొత్తవాళ్లు వస్తే మా కుక్క అరిచి లేపుతుంది. నాకు జ్వరం వచ్చినప్పుడు మంచం కింద నుంచి కదలలేదు’ అని రాస్తుంది. ఆ పిల్ల రాత ఒక మెట్టు పైకి ఎక్కింది. ఇందుకు ఇంటిపని ఒక్క పేజీ కూడా పెరగలేదు.

అపోహ: మార్కు మార్కే. 68 అంటే ఎవరు దిద్దినా 68.

వాస్తవం: 1912లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పత్రాన్ని వందకు పైగా బడులకు పంపి దిద్దించారు. వందకు 64 వేసినవారూ ఉన్నారు, 98 వేసినవారూ ఉన్నారు. రాతలో అభిప్రాయ భేదం సహజమే అని విమర్శ వచ్చింది. మరుసటి ఏడాది వాళ్లు రేఖాగణితం పేపరు పంపారు. ఈసారి తేడా ఇంకా పెరిగింది: 28 నుంచి 95 వరకు. ఒకరు తుది జవాబే చూశారు, ఇంకొకరు పద్ధతికి మార్కులిచ్చారు, మరొకరు అలికినట్టున్న రాతకు కోత పెట్టారు.

అందుకే ‘మా ప్రమాణాలు ఉన్నతమైనవి’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే చాలదు. ఏ స్థాయి జవాబు ఎలా ఉంటుందో నమూనాలు ఉండాలి. ఒకే తరగతికి చెప్పే ఉపాధ్యాయులు కొన్ని పేపర్లు ఒకరివి ఒకరు దిద్ది సరిచూసుకోవాలి. ఇది ఉపాధ్యాయుల నిజాయితీని శంకించడం కాదు. నేను ఉదయం దిద్దిన మొదటి పేపరుకూ, రాత్రి పొద్దుపోయాక దిద్దిన నలభయ్యో పేపరుకూ ఒకే చేయి పడదని నా అనుభవమే చెబుతుంది.

అపోహ: ఆలస్యంగా ఇస్తే సున్నా వేస్తేనే క్రమశిక్షణ వస్తుంది.

వాస్తవం: లెక్క వేసి చూడండి. నాలుగు పనుల్లో 80 చొప్పున తెచ్చుకున్న విద్యార్థి ఐదోది ఇవ్వలేదు, సున్నా పడింది. సగటు 64కు దిగింది. ఆ 64 చూసిన పై తరగతి ఉపాధ్యాయుడికి ఈ విద్యార్థికి విషయం అంతంతమాత్రమే తెలుసని అనిపిస్తుంది. అది నిజం కాదు. ఆలస్యం తప్పే, దాన్ని వదిలేయమని నేను అనను. సమయపాలన అనే వరుసలో విడిగా రాయండి. మధ్యాహ్నం కూర్చోబెట్టి ఆ పని పూర్తి చేయించండి. సున్నా వేస్తే విద్యార్థి ఆ పని నుంచి బయటపడినట్టే అవుతుంది, నేర్చుకోవాల్సింది అలాగే మిగిలిపోతుంది.

అపోహ: ‘కాపీ కొట్టరాదు’ అని రాశాం, పిల్లలకు తెలుసు.

వాస్తవం: తెలియదు. స్నేహితుడితో కలిసి లెక్క చేయడం, అన్నయ్యతో తప్పులు దిద్దించుకోవడం, ఫోనులో కృత్రిమ మేధను అడిగి నాలుగు వాక్యాలు తెచ్చుకోవడం, వీటిలో ఏది సహాయం, ఏది మోసం? ఒక్కో పనికి ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆ పని ఇచ్చేటప్పుడే చెప్పాలి. కొత్త సాధనాల గురించి ఒక్క మాట కూడా లేని విధానం ఇవాళ అసంపూర్ణం.

అపోహ: కొందరికి అదనపు సమయం, పెద్ద అక్షరాల పేపరు ఇస్తే ప్రమాణం తగ్గిపోతుంది.

వాస్తవం: చూపు తక్కువున్న విద్యార్థికి అదే ప్రశ్న పెద్ద అక్షరాల్లో ఇస్తే ప్రశ్న సులువు కాదు, కనిపిస్తుంది అంతే. ఏమి నేర్చుకోవాలన్నది మారితేనే ప్రమాణం మారినట్టు. నేర్చుకున్నది చూపించే దారి మారితే ప్రమాణం మారినట్టు కాదు. ఈ రెండింటికీ తేడా విధానంలో రాసి ఉండాలి. లేకపోతే ప్రతి పరీక్షకూ ఒక తల్లి వచ్చి చేతులు కట్టుకుని అడగాల్సి వస్తుంది.

అపోహ: ఒకసారి రాసిన విధానం అలాగే ఉండాలి, మారిస్తే పట్టు పోతుంది.

వాస్తవం: పత్రం కింద మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారో తేదీ ఉందా అని చూడండి. రంగు పెన్నులతో గీసుకున్న ఆ పత్రాన్ని మేము తిరగరాసినప్పుడు తల్లిదండ్రులను, పెద్ద తరగతుల పిల్లలను కూడా కూర్చోబెట్టుకున్నాం. ‘విద్యార్థి సందేహాలు అడగాలి’ అన్న వాక్యం దగ్గర ఒక అబ్బాయి చెయ్యెత్తి, ‘అడిగితే నవ్వకూడదు అని కూడా రాస్తారా?’ అన్నాడు. రాశాం. ఆ వాక్యం బడి రంగులో ఉంది.